గుల్లబాట మలుపు

గుంజ వస్తోందని కేకేసి చెప్పాల్సింది ముందు బండి. జ్వార్ట్‌వేన్ ఊళ్ళో గురువారం సైకిళ్ళ మీద తిరిగే ఆడవాళ్ళ గుంపుకి ముప్పయ్యొక్క ఏళ్ళుగా ముందు బండి రూల్ఫీన్‌ది. కార్లు చొరబడకుండా సైకిల్ బాటల నడిమధ్య ఎర్ర చారల గుంజలు పాతుతారు కదా, అది కనపడగానే ముందున్నావిడ “గుంజ!” అని అరవాలి. వెనకావిడ అందుకుని తన వెనకావిడకి అందించాలి. అలా ఎనిమిది మంది నోళ్ళలో పడి ఆ మాట చివరి బండిదాకా పోతుంది. ఇన్నేళ్ళలో గుంజకి గుద్దుకున్నవాళ్ళు లేరు. ఒక్క పాస్టరు గారి భార్య తప్ప. ఆవిడ ఆ రోజే కొత్తగా చేరింది, పైగా కబుర్లలో ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదని రూల్ఫీన్ వాదన.

అలాంటిది, రెండేళ్ళుగా ఆ కేక రెండో బండి నుంచి వస్తోంది. రెండో బండి హిల్లెఖీన్‌ది. ముందున్న మనిషి నోరు తెరవకముందే వెనకనుంచి “గుంజ!” అని కేక. అది కూడా వెనక్కి తిరిగి కాదు, ముందుకి, సరిగ్గా రూల్ఫీన్ చెవిలో పడేట్టు. కాసేపటికి ఎదురుగా ట్రాక్టరని ఒకటి, కుడివైపు కుక్కని ఇంకోటి. రూల్ఫీన్‌కి ఒళ్ళు మండిపోయేది. దీనికి నా చోటు కావాల్సొచ్చింది అనుకునేది. ఇద్దరూ చిన్నప్పుడు బళ్ళో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు, ఒకే వీధిలో కాపురాలు చేసి ఒకే ఏడాది మొగుళ్ళని సాగనంపిన వాళ్ళు. బేకరీలో నలభై ఏళ్ళు రొట్టెలమ్మిన హిల్లెఖీన్‌కి నోరెక్కువని ఊరందరికీ తెలుసు. కానీ స్నేహితురాలి చోటు మీద ఆశపడే మనిషని మాత్రం రూల్ఫీన్ ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఆ మంట.

మంటతోబాటు భయం. ఎందుకంటే రూల్ఫీన్‌కి గుంజలు కనపడ్డం మానేసి రెండేళ్ళు దాటింది.

పట్నంలో కంటి డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. చూపులో నడిమధ్య భాగం పోతుందట, అంచులు మిగులుతాయట. అంటే ఎవరి మొహంలోకైనా తిన్నగా చూస్తే మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, చుట్టూ జుట్టు, చెవులు, మెడలో రుమాలు మాత్రం బాగానే కనపడతాయి. బాట కూడా అంతే. అటు గడ్డి కనపడుతుంది, ఇటు కాలవగట్టు కనపడుతుంది, మధ్యలో ఏముందో దేవుడికే తెలియాలి. ఆ గుంజల్ని పాతినవాళ్ళు కూడా చూసి చూసి సరిగ్గా ఆ మధ్యలోనే పాతారు. ఇంక సైకిలెక్కొద్దమ్మా అన్నాడు డాక్టరు. అలాగేనండీ అంది రూల్ఫీన్. బస్సు దిగి, స్టాపు దగ్గర తాళం వేసి పెట్టిన సైకిలెక్కి ఇంటికొచ్చేసింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు బండి పోతుంది, ముందు బండి పోతే గురువారం పోతుంది. గురువారం పోయాక ఇంకేం మిగులుతుంది? చర్చి వెనక హాలులో ముసలివాళ్ళకి పేకాట పెడతారు, గుమ్మం దగ్గరికే వ్యాను వస్తుంది, డ్రైవరు చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు. ఆ వ్యాను ఎక్కే రోజొస్తే నేరుగా శ్మశానానికే తోలమని చెబుతానని ఆవిడ ఎప్పుడో ప్రకటించేసింది. అంత మాటన్నాక ఇప్పుడెలా ఎక్కడం?

అయినా రూల్ఫీన్‌కి ఆ బాటలు కంటితో పనిలేకుండా తెలుసు. ఇంటిముందు ఇటుకల రోడ్డు, దాని మీద బుట్టలో గిన్నె మూత దగ్గర్నుంచి నోట్లో పళ్ళదాకా అన్నీ గడగడలాడతాయి. ఊరు దాటాక పాత కాంక్రీటు పలకల బాట, పలకకీ పలకకీ మధ్య సందులో చక్రం పడి టక్కుమంటుంది, నూట పన్నెండు టక్కులకి బీడు మొదలు. బీడు మొదట్లో పశువులు దాటకుండా నేలలో ఇనప పట్టీలు వేశారు, అవి ఝర్రుమంటాయి. తర్వాత గొర్రెల వాసన. ఆ తర్వాత ఎత్తు వంతెన, దాని చెక్కలు దడదడమంటే కాలవ దాటినట్టు. వంతెన దిగి కాలవగట్టు పట్టుకుని తారు బాట మీద పోతే, ఎడమవైపు గుల్లబాట.

గుల్లబాట ఆవిడ తండ్రి ఎగ్బెర్ట్ వేసింది. ఆ రోజుల్లో సైకిళ్ళంటే ఇష్టపడే నాలుగూళ్ళ జనం తలా కొంచెం వేసుకుని సంఘం పెట్టుకున్నారు, బాటలు చూసుకోవడానికి ఎగ్బెర్ట్‌ని జీతమిచ్చి పెట్టుకున్నారు. సముద్రం ఒడ్డున పోగుచేసిన గుల్లలు పడవలో కాలవ మీదుగా వచ్చి గుట్టగా పడేవి. ఆయన తోపుడుబండితో మోసి, పరిచి, దంతెతో సర్దేవాడు. గుల్లలొచ్చిన రెండు వారాలూ, సముద్రం మొహం ఎరగని ఆ ఊరంతా సముద్రం వాసన. ఎండలో ఆ బాట తెల్లగా మెరిసిపోయేది, రెండువైపులా భూర్జ చెట్లు, ఆగస్టులో ఊదా పూలు. మోటారు చప్పుడన్నది ఉండేది కాదు. అమ్మ కట్టిచ్చిన ఎండుద్రాక్ష రొట్టె, వెన్న రాసింది, తండ్రి పక్కన గుల్లల గుట్ట మీద కూర్చుని తింటే వచ్చే రుచి మళ్ళీ ఎక్కడా రాలేదని రూల్ఫీన్ అంటుంది. అది రొట్టె గొప్ప కాదు, ఆ మనిషి పక్కన కూర్చోవడం గొప్ప. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఏడేళ్ళప్పుడు సైకిల్ నేర్పుతూ తండ్రి తన రుమాలు తీసి కూతురి కళ్ళకి కట్టాడు. భయపడకు బుజ్జీ, చెవులు పెట్టి తొక్కు అన్నాడు. గుల్లలు కరకరమంటున్నంతసేపూ బాట మీదున్నట్టు, చప్పుడు ఆగిందంటే గడ్డిలోకి పోయినట్టు. మొదటిసారి గడ్డిలోకే పోయింది, దురదగొండి ఆకుల్లో పడి మోకాళ్ళు వాచిపోయాయి. నాలుగోసారికి ఆ చివరిదాకా పోయి గంట కొట్టింది. వెనక నుంచి తండ్రి చప్పట్లు వినపడ్డాయి.

అదీ ఆవిడ ధైర్యం. మలుపు దగ్గర చక్రాలకి అంటుకున్న గుల్లలు నాలుగైదు గజాల మేర తారు మీదకి కూడా వచ్చి ఉంటాయి. అక్కడ కరకర మొదలవగానే ఎడమకి తిప్పాలి. ఇంత పెద్ద గుర్తు ఉండగా కళ్ళెందుకు?

జనవరిలో ఊరి ఆఫీసు వాళ్ళు గుల్లబాట మీద కాంక్రీటు పోశారు. వానాకాలం బురదవుతోందని, బ్యాటరీ సైకిళ్ళ వాళ్ళు జారుతున్నారని అర్జీలు వచ్చాయట. సంగతి వారపత్రికలో వేశారు. వారపత్రిక అక్షరాలు రూల్ఫీన్‌కి చీమల బారులా కూడా కనపడవు, ఏడాది పైగా దాన్ని విప్పకుండానే పొయ్యి పక్కన పెడుతోంది. ఇంక నోట్లో నువ్వుగింజ నానని హిల్లెఖీన్ ఉందే, ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర ఉడికిందో చెప్పే మనిషి, ఆ ఒక్క మాట మాత్రం మింగేసింది. వాళ్ళ నాన్న వేసిన బాట, ఏ మొహంతో చెప్పను అనుకుంది. ఇవాళ కాకపోతే రేపు అనుకుంది. చలికాలం అలా గడిచిపోయింది.

ఏప్రిల్ మొదటి గురువారం ఎండ బాగా కాసింది. చలికాలం ఆపేసిన ఎనిమిది సైకిళ్ళూ మళ్ళీ బయల్దేరాయి. ఇటుకలు గడగడలాడాయి, పలకలు టక్కుమన్నాయి, పట్టీలు ఝర్రుమన్నాయి. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చలికాలమంతా ఇంట్లో ముడుచుకుని కూర్చున్న రూల్ఫీన్‌కి ప్రాణం లేచొచ్చింది. వంతెన దిగి కాలవగట్టు ఎక్కింది. గాలి వెనకనుంచి తోస్తోంది, పెడల్ తేలిగ్గా తిరుగుతోంది. ఇదిగో వస్తుంది, కరకర, అనుకుంటూ చెవులు రిక్కించింది.

“ఎడమకి,” అంది వెనకనుంచి హిల్లెఖీన్.

ఇంకా గుల్లలు రాలేదు. దీనికి తొందరెక్కువ అనుకుంది రూల్ఫీన్.

“రూల్ఫీన్, ఎడమకే!”

మా నాన్న బాట నాకు ఇది చూపిస్తుందా అనుకుని రూల్ఫీన్ పళ్ళు బిగించి ఇంకాస్త గట్టిగా తొక్కింది. ఆ మలుపు దాటాక తారు బాట వందగజాలు పోయి, అడ్డంగా వచ్చే పిల్లకాలవ ఒడ్డున ఆగిపోతుంది. ఆగే చోట ఒక గుంజ, గుంజ వెనక నీళ్ళు. వెనకనుంచి గుంజ, గుంజ అని కేకలు మొదలయ్యాయి, ఒక గొంతు కాదు, ఏడు గొంతులు. ఆవిడకి అర్థమయ్యేలోపల కుడిపక్కన ఎవరో రొప్పుతూ దూసుకొచ్చారు, హ్యాండిల్‌కి హ్యాండిల్ తగిలింది, భుజానికి భుజం తగిలింది. రూల్ఫీన్ ఎడమవైపు గడ్డిలో పడింది. ఆ వెంటనే ధభీమని నీళ్ళ చప్పుడు.

పెద్ద దెబ్బేం తగల్లేదు. తగల్లేదని తెలియగానే కోపం వచ్చింది. గడ్డిలో కూర్చునే అందుకుంది, నీకు మతి పోయిందా, డెబ్బయ్యో పడిలో నాతో పందేలేంటే అని. నడుంలోతు నీళ్ళలోంచి హిల్లెఖీన్, ముందు నన్ను పైకి లాగి తర్వాత తిట్టవే తల్లీ అంది. నలుగురు కలిసి లాగారు. ఒంటినిండా పచ్చటి నాచు, ఒక బూటు కాలవకే అర్పణం. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఎవరో కోటు తీసి కప్పారు, ఎవరో ఫ్లాస్కులోంచి కాఫీ వంచి చేతిలో పెట్టారు.

“ముందు బండి కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా,” అంది రూల్ఫీన్. “గుద్ది తీసుకోవాలా?”

“నాకెందుకే నీ ముందు బండి. మా బేకరీ వెనక సందులోనే నేను తప్పిపోతాను.” హిల్లెఖీన్ కాఫీ గుక్కెడు తాగింది. “నీ ఎదర గుంజ ఉంది, గుంజ వెనక నీళ్ళున్నాయి. నీకు కనపడ్డాయా?”

రూల్ఫీన్ తలతిప్పి ఆ గొంతు వైపు చూసింది. మొహం లేదు, మచ్చ ఉంది. మచ్చ చుట్టూ తడిజుట్టు, నాచు.

“గుల్లలు రాలేదు,” అంది.

“వాటి మీద కాంక్రీటు పోశారే. జనవరిలో. నేను చెప్పాల్సింది. మీ నాన్న బాట కదా, నోరు రాలేదు. ఆ తప్పు నాది.” హిల్లెఖీన్ జుట్టులోంచి నాచు తీసి పడేసింది. “నువ్వు గుంజ అని అరవడం మానేసి రెండేళ్ళయింది. ఆ సెప్టెంబర్లో, బీడు దగ్గర, జానెడు తేడాతో పోయావు దాని పక్కనుంచి. తల కూడా తిప్పలేదు. వెనక నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచి నేను అరుస్తున్నాను.”

రెండేళ్ళు. ఈ రెండేళ్ళూ తన చోటు కాజేస్తోందని ప్రతి గురువారం మనసులో తిట్టుకున్న తిట్లన్నీ రూల్ఫీన్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిగ్గుతో తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది. మీ అందరికీ తెలుసా అని అడిగింది. ఒకావిడ వంగి తన సైకిల్ గొలుసు చూసుకుంటోంది, దానికి ఏ రోగమూ లేకపోయినా.

“మరి నాకు చెప్పలేదేం?”

“చెబితే సైకిల్ షెడ్డులో పడేసి తలుపేసుకుని కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదా?”

రూల్ఫీన్ సరిగ్గా అదే చేసింది. ఆ సాయంత్రమే సైకిల్ షెడ్డులో పెట్టి, తాళంచెవి పిండి డబ్బా వెనక దాచింది, తనకే దొరక్కుండా. తర్వాతి గురువారం పదింటికి వీధిలో గంటలు మోగాయి, గుమ్మం దగ్గర ఆగాయి, కాసేపటికి పోయాయి. ఆ తర్వాతి గురువారం కూడా అంతే. కిటికీ దగ్గర కూర్చుంటే కిటికీ చట్రం మాత్రమే కనపడేది. ఏడుపొచ్చింది, ఏడ్చింది, ముక్కు చీది కాఫీ పెట్టుకుంది. చర్చి వాళ్ళు పేకాట వ్యాను సంగతి అడగడానికి ఫోన్ చేస్తే, మళ్ళీ చెబుతానంది. శ్మశానం మాట ఎత్తలేదు.

అక్కడ గుంపు గతి ఇంకా అధ్వాన్నం. మొదటి వారం హిల్లెఖీన్ ముందు పోతే ఏడుగురూ తిరిగి తిరిగి ఒక పందుల షెడ్డులోకి చేరుకున్నారు. రెండోవారం బుద్ధిగా సైకిల్ బాటల కూడళ్ళలో పెట్టిన బోర్డుల మీద అంకెలు చూసుకుంటూ పోదామని, ఏ కూడలి తర్వాత ఏ కూడలో చీటీ మీద రాసుకుని హ్యాండిల్‌కి అంటించుకున్నారు, టూరిస్టుల్లాగ. చీటీ గాలికి పోయింది. ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. ఒకావిడ మనవడు పోలీసులకి ఫోన్ చేయబోతున్నాడట.

మూడో గురువారం తొమ్మిదిన్నరకే హిల్లెఖీన్ తలుపు కొట్టింది. గుమ్మం ముందు పొడుగ్గా ఏదో ఆనించి ఉంది. రూల్ఫీన్ తడిమి చూసింది. ఒక సీటు, దాని వెనక ఇంకో సీటు. నాలుగు పెడళ్ళు. ఇద్దరు తొక్కే సైకిల్. చూపు లేనివాళ్ళని తిప్పే సంఘం వాళ్ళ దగ్గర అరువు తెచ్చిందట, ఎర్ర రంగుదట, వెనక చక్రం కొంచెం మూలుగుతుందట.

నేను వెనక మూటలా కూర్చోనని రూల్ఫీన్ తెగేసి చెప్పింది. ముందు బండి ముప్పయ్యొక్క ఏళ్ళు తొక్కినదాన్ని, నన్ను జాలిపడి మోస్తారా అని ఒంటికాలి మీద లేచింది. హిల్లెఖీన్ అంతా విని, మెట్టు మీద కూర్చుంది.

“నిన్ను మొయ్యడానికి నా మోకాళ్ళకి అంత సీనులేదు. తొక్కాలి, నాతో సమానంగా. ఇంకోటి, నాకు దారి తెలీదు. ముప్పయ్యొక్క ఏళ్ళు నేను చూసింది బాట కాదే, నీ వీపు. నువ్వు రాకపోతే ఇవాళ మళ్ళీ పందుల దగ్గరికే.”

రూల్ఫీన్ లోపలికెళ్ళి రుమాలు కట్టుకుని, జేబులో అతిమధురం బిళ్ళలు పోసుకుని వచ్చింది. బ్రేకు ముందే పట్టు, నీకు అలవాటు లేదు, అంది. అంటే వస్తున్నానని అర్థం.

మొదట ఇద్దరూ చెరోవైపు వాలి వీధి చివర చెత్తడబ్బాని పలకరించారు. తర్వాత కుదిరింది. వెనక సీట్లో రూల్ఫీన్ చేతిలో హ్యాండిల్ కదలదు, తిప్పితే తిరగదు, అదొక్కటే ప్రాణం విసిగించింది. కానీ కాళ్ళు పాత కాళ్ళే. ఇటుకలయ్యాయి, కుడికి అంది రూల్ఫీన్. హిల్లెఖీన్ కుడికి తిప్పింది. నూట పన్నెండు టక్కులు లెక్కపెట్టి, పట్టీలొస్తున్నాయి గట్టిగా పట్టుకోమంది. పట్టీలొచ్చాయి. గొర్రెల వాసన వచ్చింది. వెనక ఆరు సైకిళ్ళూ వరసగా వస్తున్నాయి, ఎవరో నవ్వుతున్నారు.

వంతెన చెక్కలు దడదడమన్నాయి. కాలవగట్టు. ఇక్కడినుంచి రూల్ఫీన్‌కి గుర్తు లేదు. కరకర రాదని ఇప్పుడు తెలుసు. వంతెన దగ్గర్నుంచి మలుపుకి ఎన్ని తొక్కుళ్ళో చిన్నప్పుడు తండ్రి వెనక పోతూ లెక్కపెట్టేది, నూట నలభైయో నూట యాభైయో. అప్పటి కాళ్ళు పొట్టివి, ఆ లెక్క ఇప్పుడు పనికిరాదు. గాలి వింది. కాలవ మీద బారుగా వస్తున్న గాలి ఎడమవైపు చెట్ల దగ్గర విరిగి, ఆకుల చప్పుడు ఒకచోట తెగిపోయి మళ్ళీ మొదలయింది. చెట్ల మధ్య సందు అది.

“ఎడమకి,” అంది.

హిల్లెఖీన్ ఒక్క మాట అడగకుండా తిప్పేసింది.

నున్నటి కాంక్రీటు. చక్రం కింద ఏ చప్పుడూ లేదు. కరకర ఆగిందంటే గడ్డిలోకి పోయినట్టు అన్నాడు నాన్న, ఆ మాట కాళ్ళలో ఎక్కడో ఉండిపోయింది, రూల్ఫీన్ కాళ్ళు వాటంతటవే ఆగబోయాయి. ఆగకే, బాట మీదే ఉన్నాం అంది హిల్లెఖీన్. ఆయన దంతె, ఆయన తోపుడుబండి, తెల్లటి గుల్లలు, అన్నీ ఈ నున్నటి పలక కింద పడున్నాయి. రూల్ఫీన్ తొక్కుతూనే ఉంది.

“గుంజ!” అని అరిచింది ముందున్న హిల్లెఖీన్.

రూల్ఫీన్ ఉలిక్కిపడింది. ఆ కేక తన చోటు కాజెయ్యడానికి కాదు, తనకి అందించడానికి. రెండో బండి ఏం చెయ్యాలో ముప్పయ్యొక్క ఏళ్ళు నేర్పింది తనే. మెడ వెనక్కి తిప్పి, ఊపిరి నిండా తీసుకుని “గుంజ!” అని అరిచింది. వెనకావిడ అందుకుంది, దాని వెనకావిడ అందుకుంది, ఒకటి, రెండు, మూడు, ఒక్కో గొంతూ ఇంకాస్త దూరం నుంచి, చెట్ల మధ్య ఆ బాట పొడుగునా. రూల్ఫీన్ కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. ఆరు. అందరూ బాట మీదే ఉన్నారు.

గుంజ ఎడమ మోచేతి పక్కనుంచి సర్రుమని పోయింది. ముందున్న కూడలిలో కుడికి తిరగాలని రూల్ఫీన్ హిల్లెఖీన్‌కి చెప్పింది.